మాస్టారి చెయ్యి

చీకటి పడ్డాక ఆ మేడ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే జనం సందు మార్చేసేవాళ్ళు. మార్చడానికి వేరే సందు లేనివాళ్ళు ఫోను చెవికి ఆనించుకుని గట్టిగా మాట్లాడుతూ నడిచేవాళ్ళు — అవతల ఎవరూ లేకపోయినా సరే.

మేడంటే పెద్ద మేడేం కాదు. కింద రెండు గదులు, పైన ఒకటి, డాబా మీద ఇనుప స్తంభం, దాని మీంచి వెనక గోడ దాకా లాగిన రాగి తీగ. అందులో ఉండే మాస్టారు పోయాక ఇంటికి తాళం పడింది. వారసులమని ఇద్దరు బయల్దేరి, నాదంటే నాదని కోర్టుకెక్కారు. బిల్లు కట్టే దిక్కు లేక కరెంటు వాళ్ళొచ్చి ఫ్యూజు పీక్కుపోయారు.

అలాంటి ఇంట్లోంచి రాత్రిపూట చప్పుడు వచ్చేది.

టిక్... టిక్ టీ... టీ... టిక్...

పైగది కిటికీలో సన్నగా ఎర్రటి వెలుగు. దీపం కాదు, మంట కాదు. కుంపట్లో ఆరీ ఆరని బొగ్గులా ఉండేదట.

ఆ వీధి వాచ్‌మన్ ఒకసారి ధైర్యం చేసి పైకి టార్చి వేశాడు. వెలుగు చటుక్కున మాయమైంది. చప్పుడు మాత్రం ఆగలేదు... టిక్ టిక్ టీ... మనిషి మర్నాడు జీతం కూడా అడక్కుండా పని మానేశాడు.

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. పాత పుస్తకాల కొట్టు నడుపుతున్నాను. పోయినవాళ్ళ పుస్తకాలు కొనీ, అమ్మీ బతుకుతున్నాను. దెయ్యాలంటూ ఉంటే ముందు నా కొట్టు మీదే పడాలి, ఇన్నేళ్ళలో ఒక్కటీ పడలేదు. అయినా ఆ మేడ విషయంలో నేనూ నమ్మాను. ఎందుకు నమ్మానో, ఆ నమ్మకం ఏమైందో చెప్తాను. సగం మా బావ చెప్పగా విన్నది, సగం నా కళ్ళతో చూసింది.

బావంటే మా అక్క మొగుడు. పాత రేడియోలు బాగుచేస్తాడు. అది అన్నం పెట్టే పని. ప్రాణం పెట్టే పని ఇంకోటుంది — హామ్ రేడియో. లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లో సొంతంగా సెట్టు కట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడతారే, ఆ పిచ్చి. అదీ నోటితో కాదు. కీ అని ఒక చిన్న పనిముట్టు ఉంటుంది, దాని మీద వేలితో నొక్కుతూ పొట్టి చప్పుడూ పొడుగు చప్పుడూ పంపిస్తారు. అవతలివాళ్ళు విని అక్షరాలు కూర్చుకుంటారు. మా అక్క కాపరానికి వెళ్ళిన కొత్తలో "మీ ఆయనకి పంటి నొప్పా, రాత్రంతా ఆ టకటకలేంటి" అని పక్కింటావిడ అడిగిందని నవ్వుతూ చెప్పింది.

మా ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ గురువు మాస్టారే. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన పైగది నిండా వాల్వుల సెట్లు, గోడలకి బీరువాలు, బీరువాల్లో పుస్తకాలు. వాల్వు సెట్టు ఎలా కట్టాలి, ఏరియల్ తీగ ఎంత పొడుగు ఉండాలి, పాడైతే ఎక్కడ వెతకాలి — ఇవన్నీ చెప్పే పుస్తకాలు ఇప్పుడెవరూ అచ్చు వెయ్యరు. నా కొట్టుకి వాటి కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, లేవంటే మొహాలు వేలాడేసుకుని వెళ్ళేవాళ్ళు. మాస్టారు మంచాన పడ్డప్పుడు అందరినీ పిలిచి, పుస్తకాలన్నీ బావకి అప్పజెప్పమన్నారు. నేర్చుకునేవాళ్ళు ఎవరొచ్చినా చదువుకునేలా ఒకచోట పెట్టమన్నారు. అదొక్కటే ఆయన కోరిక.

అప్పుడు ఆ మంచం పక్కనే ఉన్నాడు ఏరియల్ అన్నయ్య.

అతను బావకి చిన్ననాటి నేస్తం. సన్నగా, పొడుగ్గా ఉంటాడని మాస్టారే పెట్టారా పేరు. మా అక్క చేతి వంట సగం అతనే తినుంటాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. మా అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద బావకి తోడుగా కూర్చున్నవాడు, పోయినప్పుడు బావని పట్టుకుని లేవదీసినవాడు. మా అమ్మ కడుపున పుట్టకపోయినా నా అన్నే అనుకున్నాను. అనుకున్నాను కాబట్టే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క పోయిన ఏడాదే మాస్టారూ పోయారు. వీళ్ళలో ఒక మర్యాద ఉంది. మనిషి పోతే పోయాడనరు, కీ మూగబోయింది అంటారు. ఆయన కాల్ సైన్‌ని, అంటే గాలిలో ఆయన పేరుని, ఆ తరవాత ఇంకెవరూ పలకరు. ఎంత శత్రువైనా ఆ పని చెయ్యడు.

మరి... మాస్టారు పోయిన కొన్నాళ్ళకి, ఒక రాత్రి, బావ హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటే — మాస్టారి పేరు వినబడింది.

బావని పిలుస్తోంది.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకోవచ్చు కదా? అనుకోలేదు. ఎందుకంటే అది మాస్టారి చెయ్యి.

మనకి గొంతు ఎలాగో వీళ్ళకి చెయ్యి అలాగ. ఒక్కొక్కళ్ళు కీ నొక్కే తీరు ఒక్కోలా ఉంటుందట. ఒకళ్ళు తరుముకొస్తారు, ఒకళ్ళు నసుగుతారు. మాస్టారు మాట చివరి పొడుగు చప్పుణ్ణి కాస్త సాగదీస్తారు, గుమ్మం దాకా వచ్చి సాగనంపినట్టు. బావ ఆ సాగదీత విన్నాడు. హెడ్‌ఫోను చెవులకి అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట.

జవాబిచ్చాడు. అవతల నుంచి మాటలు వచ్చాయి... నా గదిలోనే ఉన్నాను... ఎవరూ పైకి రావద్దు... నువ్వు కూడా రావద్దు... ఇలాగే మాట్లాడు...

పొద్దున్నే బావ నా కొట్టుకొచ్చి ఈ సంగతి చెప్తే నేను నవ్వాను. నవ్వి, మొహం చూసి ఆపేశాను. నమ్మకపోతే పద అని ఆ రాత్రి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఎక్కడో దాచిన సెట్టుని చేతి ఏరియల్ పట్టుకుని వెతికే ఆట ఒకటుంది వీళ్ళకి. గుండ్రటి తీగ చట్రం, దానికో చిన్న రిసీవరు. తీగని ఇటూ అటూ తిప్పుతుంటే చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది. దాన్నిబట్టి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. దాన్ని పట్టుకుని ఇద్దరం సందులు తిరిగాం. ప్రతి మలుపులోనూ అది ఒక్క వైపే చూపించింది. చివరికి మేం ఆగింది... ఆ మేడ గేటు ముందు.

గేటుకి తాళం. తాళానికి తుప్పు. పైన ఎర్ర వెలుగు. రిసీవర్లో టిక్ టీ టిక్... కిటికీలోంచీ టిక్ టీ టిక్... రెండూ ఒక్కటే.

బావ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను.

ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే బాదుకోవాలనిపిస్తుంది. తాళం వేసిన ఇంట్లో చప్పుడైతే మామూలు మనుషులు దొంగ అనుకుంటారు. గట్టిగా అరిచి నలుగురిని పోగేస్తారు. కానీ వీళ్ళకి చెయ్యే మనిషి. చెయ్యి మాస్టారిదైతే ఉన్నది మాస్టారే. ఈ హామ్ పిచ్చి ఉన్నవాళ్ళ క్లబ్బులో మిగతావాళ్ళు కూడా విన్నారు, అందరూ తలలూపారు. పుస్తకాల సంగతి నేనెత్తితే, ఆయనే రావద్దంటుంటే ఎలా వెళ్తామన్నారు. ఆ మేడ గడప ఎవరూ తొక్కలేదు.

బావ మాత్రం మళ్ళీ మనిషయ్యాడు. అక్క పోయాక అన్నం సరిగ్గా తినడం మానేసినవాడు, చీకటి పడేసరికి గబగబా తిని సెట్టు ముందు కూర్చునేవాడు. ప్రతి రాత్రీ కాదు గానీ పిలుపు తరచుగా వచ్చేది. బావ గుండెలో ఉన్నదంతా చెప్పుకునేవాడు. ఏరియల్ అన్నయ్య పొద్దున్నే వచ్చి, రాత్రి మాస్టారు ఏమన్నారో అడిగి మరీ చెప్పించుకునేవాడు. కళ్ళు తుడుచుకునేవాడు.

"నన్నెందుకు పిలవరురా ఆయన? నువ్వు అదృష్టవంతుడివి," అన్నాడట ఒకసారి.

బావకి జాలేసి, నీ గురించి కూడా అడుగుతానులే అన్నాడు. అడిగాడు కూడా. వాడు మంచివాడు, వాడి మాట విను అని జవాబొచ్చింది.

వింటున్నారా? వాడి మాట విను అట.

ఇక అసలు సంగతి. మా అక్క ఆఖరి రాత్రి గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేకపోయింది. ఇన్నేళ్ళు ఆ టకటకల మధ్య కాపరం చేసిన మనిషి, వినీ వినీ ఆ భాష ఆమెకీ వచ్చేసింది. బావ సెట్టు ముందు నుంచి లేవకపోతే వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద కొట్టి అన్నానికి పిలిచేది. ఆ రాత్రి బావ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అరచేతిలో వేలితో నొక్కడం మొదలుపెట్టింది.

వేలిలో సత్తువ లేదు. ఏది పొట్టి నొక్కో, ఏది పొడుగు నొక్కో బావకి తెలియలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నొక్కడం అయిపోయి, అర్థమైందా అన్నట్టు మొహంలోకి చూసింది.

బావ తలాడించాడు. అర్థమైందని అబద్ధమాడాడు.

తెల్లవారకుండానే అక్క పోయింది. ఏం చెప్పిందో తెలియకుండా ఉండిపోయాడు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నొక్కులు మాత్రం అరచేతిలో అలాగే ఉండిపోయాయట. ఎప్పుడు చెయ్యి ముడిచినా తగిలేవట.

ఒక రాత్రి, వాన పడుతుంటే, మాస్టారికి చెప్పాడు. అరచేతికి గుర్తున్నది గుర్తున్నట్టుగా కీ మీద నొక్కి పంపించి, ఇదేమిటో మీరు చదవగలరా అని అడిగాడు.

అవతల నిశ్శబ్దం. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక రాదనుకుని లేవబోతుంటే... నెమ్మదిగా వచ్చింది జవాబు.

కూర్చుంది చాలు... ఇంటికెళ్ళి పడుకో... అంటోంది.

ఆ రాత్రి బావ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. అక్క పోయాక అదే మొదటి నిద్ర. కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుని నాకు చెప్పాడు. నాకు ఒక్కదానికే. ఏరియల్ అన్నయ్యకి కూడా చెప్పలేదు, అది తనకీ అక్కకీ మధ్యది అన్నాడు. నేను తాళంచెవి చేత్తో పట్టుకుని అక్కడే ఏడ్చాను. మా అక్క సరిగ్గా అలాగే అంటుంది. తను చావబోతున్నా ఎదుటివాడి నిద్ర గురించే ఆమె గోల.

ఆ రోజు నుంచి నేను కూడా మాస్టార్ని నమ్మాను. దాచడమెందుకు.

అలా చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నా కొట్టుకి ఒక లిఫ్టు మెకానిక్ వచ్చాడు. సెలవు రోజుల్లో రేడియోలు కట్టుకుంటాడట. సంచీలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, దీని రెండో భాగం దొరుకుతుందా అని అడిగాడు.

పుస్తకం చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను.

వెన్ను మీద ఆకుపచ్చ దారంతో కుట్టు. తెల్ల దారం అయిపోతే ఆకుపచ్చది వేసి కుట్టింది నేను. మాస్టారి కోసం, మాస్టారి పుస్తకానికి. రంగేమిటమ్మా ఇలా ఉంది అని ఆయన విసుక్కుంటే, చదవడానికా చీరకి జత చెయ్యడానికా అని నేనూ తగులుకున్నాను. అట్ట మీద ఆయన తీగలు అతికేటప్పుడు పడ్డ సోల్డరింగు చుక్కలు కూడా అలాగే ఉన్నాయి.

ఇదెక్కడ కొన్నారని అడిగాను. ఊరవతల ఒకాయన ఇంట్లో అన్నాడు. చాలా పుస్తకాలున్నాయట, కొన్ని అప్పుడే అమ్ముడైపోయాయట, ఇంకా తెస్తున్నానని చెప్పాడట. మనిషెలా ఉంటాడంటే మెకానిక్ చెయ్యి పైకెత్తి చూపించాడు. బక్కగా, ఇంత పొడుగు.

కొట్టు మూసేసి తిన్నగా బావ దగ్గరికెళ్ళాను. బావ నా మాట ఒప్పుకోలేదు. ఎవరో దొంగ ఎత్తుకెళ్ళి ఉంటాడు, వీడు తెలియక కొనుంటాడు అన్నాడు. వాడి మీద అలాంటి మాట అంటే నాలుక పడిపోతుందన్నాడు. నేనూ ఊరుకోలేదు, పడిపోయేది ఎవరిదో చూద్దాం, చీకటి పడనీ అన్నాను.

పడింది. సెట్టు ముందు ఇద్దరం కూర్చున్నాం. హెడ్‌ఫోను బావ ఒక చెవికి, నా ఒక చెవికి.

పిలుపు వచ్చింది. మాస్టారి పేరుతో, మాస్టారి చేత్తో.

బావ కీ మీద చెయ్యి వేశాడు. వేసి, తీసేశాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

మేడ వెనక గోడ దూకడానికి నా వయసు ఒప్పుకోదు గానీ కోపం ఒప్పించింది. పెరటి తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. లోపల చీకటి, బూజు వాసన. టార్చి వేద్దామంటే బావ వద్దని చెయ్యి నొక్కాడు. గోడ తడుముకుంటూ మెట్లెక్కాం.

టిక్... టీ టిక్... టీ...

ప్రతి మెట్టుకీ చప్పుడు దగ్గరవుతోంది. ఒక్క క్షణం... ఆ మెకానిక్ చెప్పింది తప్పేమో, పైన నిజంగా ఆయనే ఉన్నారేమో అనిపించింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆయనే ఉంటే బాగుండుననిపించింది.

గది తలుపు ఓరగా ఉంది.

కిటికీ తెరిచి ఉంది. బల్ల మీద మాస్టారి సెట్టు, కింద లారీ బ్యాటరీ. వెనక మూత తీసేసిన సెట్టులో వాల్వుల గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో గోడలు కనబడ్డాయి. బీరువాలన్నీ ఖాళీ. చివరి బీరువాలో మాత్రం కొన్ని పుస్తకాలు మిగిలాయి, కింద తాడు కట్టిన అట్టపెట్టెలు.

మాకు వీపు పెట్టి, హెడ్‌ఫోను పెట్టుకుని, సన్నటి పొడుగాటి మనిషి వంగి కీ నొక్కుతున్నాడు. బావని పిలుస్తున్నాడు. ఆగుతున్నాడు. జవాబు రాక మళ్ళీ పిలుస్తున్నాడు.

బావ అరవలేదు. తలుపు చెక్క మీద వేలి కణుపుతో కొట్టాడు. పొట్టీ పొడుగూ... తన పేరు.

జవాబు ఇచ్చాడు.

ఆ మనిషి చెయ్యి కీ మీద బిగుసుకుపోయింది. సెట్టులోంచి వచ్చిందో, గదిలోంచి వచ్చిందో తెలియక హెడ్‌ఫోను ఒక పక్క ఎత్తాడు. బావ మళ్ళీ కొట్టాడు. ఇన్నాళ్ళూ ఊరంతటినీ భయపెట్టినవాడు కుర్చీలోంచి లేవలేక, వెనక్కి తిరగలేక, "ఎవరూ..." అన్నాడు.

"నేనేరా," అన్నాడు బావ.

ఏరియల్ అన్నయ్య తిరిగాడు. మమ్మల్ని చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత తల దించేసుకున్నాడు.

ఏం చెప్పాడో అంతా రాయక్కర్లేదు. కోర్టు తేలేలోపు చెదలు తినేస్తాయన్నాడు. వారసులు తూకానికి అమ్మేస్తారన్నాడు, తెలిసినవాళ్ళకి అమ్మితే తప్పేముందన్నాడు. ఎవరూ రాకూడదని కిటికీ తెరిచి చప్పుడు చేశాడట, ఎవరైనా టార్చి వేస్తే సెట్టు మీద దుప్పటి కప్పేవాడట. మాస్టారు పాఠం చెప్పిన పాత టేపులు దగ్గర పెట్టుకుని ఆ చెయ్యి పట్టుబడేదాకా సాధన చేశాడట. పుస్తకాల మీద హక్కున్నవాడు బావ ఒక్కడే, అందుకని బావని ఆపాలనుకున్నాడట.

"ఆపడానికి ఒక్క రాత్రి చాలదూ? ఇన్నాళ్ళు మాట్లాడావేం?" అన్నాను నేను. చెల్లెలి గొంతు కాదది.

"మొదటి రాత్రి వాడు ఏడ్చాడు చెల్లెమ్మా. మర్నాడు అన్నం తిన్నాడు. ఇంక ఎలా మానను?"

అది నిజమేనేమో. దొంగతనానికి పూసిన పూతేమో. ఆ మనిషి మొహం చూస్తే రెండూ కనబడ్డాయి. నన్ను చెల్లెమ్మా అనొద్దన్నాను.

బావ ఖాళీ బీరువాల వైపు చూడలేదు, పెట్టెల వైపు చూడలేదు. బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. చచ్చిపోయిన మనిషి పేరు వాడావురా అని తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పుస్తకాలు పట్టుకుపో. ఒక్కటి చెప్పు. ఆ వాన పడ్డ రాత్రి... కూర్చుంది చాలు, ఇంటికెళ్ళి పడుకో అన్నది నువ్వేనా?"

"ఏ రాత్రి?"

బావ చెప్పాడు. ఆస్పత్రి, అరచెయ్యి, నొక్కులు... నాకు తప్ప ఎవరికీ చెప్పనిదంతా ఆ దొంగ ముందు మళ్ళీ చెప్పాల్సొచ్చింది. చెప్తుంటే బావ గుప్పిట ముడుచుకుపోయింది. వింటున్న ఏరియల్ అన్నయ్య మొహంలో రంగు దిగిపోయింది.

"ఆ వాన రోజు నేను ఊళ్ళో లేనురా. మా పెద్దమ్మాయిని చూడ్డానికి పొద్దున బస్సెక్కి మర్నాడొచ్చాను. సెట్టు ముట్టుకోలేదు." గొంతు తగ్గించి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "అది నేను కాదు. ఒట్టు."

అయితే అది మాస్టారే... అయితే అక్క నిజంగా ఆ మాటే అంది... అని ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చి బావ వైపు చూశాను.

బావ ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా.

"మా ఇంట్లో అన్నం తిన్నప్పుడల్లా ఆ మాట విన్నావురా నువ్వు. రాత్రి పొద్దుపోయేదాకా మనం కూర్చుంటే ఇద్దరినీ కలిపి అదే తిట్టు తిట్టేది. ఆ జవాబు నీకు తెలియకపోవడమేంటి?"

"తెలుసు. కానీ నేను పంపలేదురా. నమ్ము."

"ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావు, నమ్మాను. ఇప్పుడు నిజమే చెప్తున్నావేమో... నమ్మలేకపోతున్నానురా."

అన్నాడు, మెట్లు దిగిపోయాడు. నేను బ్యాటరీ తీగలు పీకేశాను. వాల్వులు ఆరడానికి కాసేపు పట్టింది. ఆ చీకట్లో ఏరియల్ అన్నయ్యని ఒక్కణ్ణీ వదిలేసి నేనూ దిగాను. వెనక నుంచి అతను నన్ను పిలిచాడు గానీ తిరిగి చూడలేదు.

మర్నాడు క్లబ్బు వాళ్ళు వెళ్ళి సెట్టు తెచ్చి నా కొట్టు అటక మీద పెట్టించారు. మిగిలిన పుస్తకాలు కూడా నా దగ్గరే ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి, కూర్చుని చదువుకుని వెళ్తున్నారు. అమ్మేసినవి ఒక్కొక్కటే వెతికి తెస్తున్నాను. ఏరియల్ అన్నయ్య తన ఇంట్లో ఉన్న సెట్టు కూడా పంపించేసి, లైసెన్సు వదులుకున్నాడని విన్నాను. మేడ కిటికీ మూసేశారు. ఆ సందులో ఇప్పుడు జనం మామూలుగానే నడుస్తున్నారు.

మొన్న బావ పుస్తకాలు సర్దడానికి వచ్చి, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

రాత్రి మళ్ళీ పిలుపు వచ్చిందట. అదే పేరు, అదే చెయ్యి. చాలాసేపు పిలిచిందట. బావ వింటూ కూర్చున్నాడు గానీ కీ ముట్టుకోలేదట. దిక్కు చూసే తీగ చట్రం కూడా బయటికి తియ్యలేదట.

"మాస్టారే అయితే ఎలా బావా?" అన్నాను. నిజానికి నేను అడగాలనుకున్నది మా అక్క గురించి.

బావ చేతిలో పుస్తకం బీరువాలో పెట్టి, దాన్ని సరిగ్గా లోపలికి జరిపి, నా వైపు చూడకుండా అన్నాడు.

"అదే కదా... నాకెలా తెలుస్తుంది ఇంక?"